దండ వేయని పటం

మా ఖోలీ గోడ ఏడాదికి నాలుగు నెలలు కారుతుంది. మిగతా ఎనిమిది నెలలు ఆ కారిన చారలు చూపిస్తుంది. కామాటిపురాలో మా చాలును, ఈ ఒంటిగది ఖోలీల పాత బిల్డింగును, రేపో మాపో పడగొడతారని నేను గౌను వేసుకునే రోజుల నుంచీ వింటున్నాను. పడగొట్టేదానికి మరమ్మతు ఎందుకంటాడు యజమాని. పడగొట్టేదానికి సున్నం ఎందుకంటారు కిరాయికి ఉండేవాళ్లు. అలా ఎవరూ చెయ్యి పెట్టక మా గోడ పెచ్చులూడి, ఆకుపచ్చగా బూజు పట్టి, దాన్ని చూస్తూ అన్నం తినలేని స్థితికి వచ్చింది.

నేను పుట్టింది ఈ పదడుగుల గదిలోనే. పెళ్లయి వర్లికి వెళ్లి, భర్త పోయాక తిరిగి వచ్చిందీ ఇక్కడికే. ఇప్పుడు ఇందులో నేనూ మా అవ్వా ఉంటాం. మేం అమ్మను అవ్వ అంటాం. పొద్దున రెండిళ్లలో వంట చేసి వస్తాను. ఆ ఇళ్లలో గోడల నిండా పటాలు, ఒక్కో పటానికి ఒక్కో దీపం. అవి చూసి వచ్చి మధ్యాహ్నం మా గోడకు ఎదురుగా కూర్చోవాలి. కుళ్లుకున్నాను. ఇందులో దాచేదేముంది.

రంగు వేయించే స్తోమత లేదు, వేయించినా వానాకాలం దాకా ఆగదు. ఇక కప్పెయ్యడమే అనుకున్నాను. ఫోరస్ రోడ్ దాటి కాసేపు నడిస్తే పాత సామాన్ల బజారు. శుక్రవారం పొద్దున్నే వెళితే ఫ్రేములు కుప్పలుగా పోసి ఉంటాయి, అద్దాలతో సహా. లోపల ఎవరెవరివో ఫోటోలు. పెళ్లి జంటలు, టోపీ పెట్టుకున్న ముసలాయన, బోర్లా పడి నవ్వుతున్న పసిపిల్ల. "ఫోటో ఫేక్ దో బాయీ, ఫ్రేమ్ మజ్‌బూత్ హై" అనేవాడు అమ్మేవాడు. ఫోటో పారేయమ్మా, ఫ్రేము గట్టిదీ అని.

పారేయడం అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే సగం మొహం అద్దానికే ఉండిపోతుంది. రెండు మూడు పాడుచేసుకున్నాక నాకొక ఉపాయం దొరికింది. టబ్బులో సబ్బునీళ్లు కలిపి అద్దాన్ని అందులో అరగంట ఉంచితే ఫోటో ఉడికిన ఆలుగడ్డ తోలులా జారి వచ్చేస్తుంది. తర్వాత చెక్కను గరుకు కాగితంతో రుద్ది, మిగిలిపోయిన రంగేదైనా పూసి, లోపల నాకు నచ్చింది పెట్టేదాన్ని. అవ్వ చిరిగిన నారాయణపేట చీర అంచు ఒక దాంట్లో. పెళ్లి కార్డుల మీది బంగారు రంగు నెమళ్లు మరో దాంట్లో. చెమ్మ తగలకుండా వెనక పాల ప్యాకెట్ల ప్లాస్టిక్ కత్తిరించి అంటించేదాన్ని.

పదకొండు పటాలయ్యాయి. పక్క ఖోలీ ఆమె గుమ్మంలో నిలబడి, "అక్కా, మీ ఖోలీ ఏంది, మాల్ లెక్క జేసినవ్. టికెట్ బెట్టు" అని ఎగతాళి చేసింది. ఎగతాళే అయినా పొంగిపోయాను. సబ్బునీళ్లలోంచి తీసిన ఆ మొహాలన్నీ తడి కాగితాల్లా ముద్ద చేసి చెత్తబుట్టలో వేశాను. వీళ్లెవరు, వీళ్ల పటాలు బజారుకెలా వచ్చాయి అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా గోడ గొడవే నాది.

ఆ గోడ మీద మొదటి నుంచీ ఉన్న పటం ఒకటే. మా తమ్ముడిది.

వాడు బిల్డింగులకు రంగులు వేసేవాడు. మా తాతలు ఈ ఊరి గోడలు కట్టారు, వీడు వాటికి పుట్టీ పెట్టాడు. మన ఖోలీకి ఎప్పుడేస్తావురా అంటే దసరాకు, దీపావళికి అనేవాడు. ఇరవై ఏళ్ల వయసులో, ఒక పొద్దున, ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ, పోగుచేసిన ఓ గుంపుతో ఊరి బయట ఏదో సైటుకు పోయాడు. మళ్లీ రాలేదు. ఆ గుంపులో వాళ్లు తలా ఒక మాట చెప్పారు. దెబ్బలాడి వెళ్లిపోయాడని ఒకడు, వేరే సైటుకు మారాడని ఇంకొకడు. పదిహేనేళ్లయింది.

వాడికి ఉన్న ఫోటో ఒక్కటే, పని పాసు కోసం దిగింది. ఫోరస్ రోడ్ మీద ఒక దుకాణంలో దాన్ని పెద్దది చేయించి పటం కట్టించాం. చిన్నది పోలీసు ఫిర్యాదు కాగితానికి అంటించి ఇచ్చాం. ఆ కాగితం ఇప్పుడెక్కడుందో అడగడానికి కూడా మనిషి లేడు.

పోయినవాళ్ల పటానికైతే మా ఇళ్లలో అద్దం మీద బొట్టు పెట్టి దండ వేస్తారు. పెత్తరమాసనాడు, పెద్దల అమావాస్యకు, వాళ్ల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. తమ్ముడి పటానికి దండ వేయనివ్వలేదు అవ్వ. ఏటా పెత్తరమాసకు మా నాన్న పేరు చెప్పేది, తాతల పేర్లు చెప్పేది, అక్కడ ఆగేది. మా మేనమామ ఒకసారి మెల్లగా ఆ మాట ఎత్తితే, "నువ్వు జూసినవా వాని పీనుగ" అంది. ఇక ఎవరూ ఎత్తలేదు. రోజూ పొద్దున కొంగుతో ఆ అద్దం తుడిచి, "తిన్నవా కొడుకా" అని అడిగేది. నేను టీ పెడుతూ వినేదాన్ని. విని విని చెవులకు అలవాటైపోయింది.

మొన్న వానల్లో ఆ పటం కింది చెక్కకు చెదలు పట్టింది. లోపల ఫోటో అద్దానికి అతుక్కుని, భుజం దగ్గర మొదలైన మరక చెంప వైపు పాకుతోంది. వదిలేస్తే మొహం పోతుందని భయపడ్డాను. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి ఫ్రేము, మూలలకు చెక్కుడు పని ఉన్నది, వాడి కోసం తీసి పెట్టాను. అవ్వ బయట వరండాలో వెల్లుల్లి ఒలుస్తోంది. చేసి చూపిద్దామనుకున్నాను. అద్దాన్ని టబ్బులో పెట్టి, పప్పు అడుగంటుతుందేమోనని పొయ్యి దగ్గరికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి నీళ్లు నీలంగా ఉన్నాయి. వాడి చొక్కా నీలం.

బజారు ఫోటోలు పాత స్టూడియోలలో కడిగినవి, నీళ్లకు ఆగాయి. ఇది కంప్యూటర్ నుంచి సిరాతో దించిన బొమ్మ. నాకది తెలియదు. చెయ్యి పెట్టి ఎత్తేలోపు కళ్లు పోయాయి, మీసం పోయింది. అద్దం మీద తెల్ల కాగితం మిగిలింది. పదిహేనేళ్లుగా ఎవరూ చంపలేని వాణ్ణి నేను సబ్బునీళ్లలో చంపాను.

అవ్వకు చెప్పకుండా తడి చేతులతోనే ఫోరస్ రోడ్‌కు పరుగెత్తాను. ఆ దుకాణంలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఇంతకుముందు ఇక్కడ ఎవరుండేవారో తెలియదన్నాడు అక్కడున్న మనిషి. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక నీచమైన ఆలోచన చేశాను. అవ్వకు చూపు తక్కువ. చెత్తబుట్టలో నిన్నటి ఫోటోల్లో ఒక కుర్రవాడున్నాడు, ఇంచుమించు వాడి వయసే. ఇంటికొచ్చి ఆ ముద్దను విప్పి చూశాను కూడా. వాడూ ఎవరో తల్లి కొడుకే అని అప్పుడు తట్టింది. మళ్లీ ముద్ద చేయలేకపోయాను.

అవ్వకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. తెల్ల కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, మొహం ఉండాల్సిన చోట వేలితో తడిమింది. "ఈడ ముక్కుండె" అంది. మర్నాడు పొద్దున కొంగు తీసుకుని గోడ దాకా వెళ్లింది, ఖాళీ మేకు చూసి వెనక్కి వచ్చి కూర్చుంది. నేను టీ ఇచ్చాను. ఆ పొద్దున మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిన్నావా అని అడగలేదు.

నెల గడిచింది. నా పదకొండు పటాలను తీసేద్దామనుకున్నాను, ఆ ఓపిక కూడా రాలేదు. పెత్తరమాస ముందు రోజు బియ్యం చెరుగుతూ అవ్వ తలెత్తకుండా అంది. "రేపు వాని పేరు గూడ చెప్పు. ఒక దండ దే."

"పటం లేదు గద అవ్వా."

"ఆ ఫ్రేమ్ ఉన్నది గద, నువ్వు వానికని తీసింది. దానికే ఎయ్యి."

పొద్దున్నే బంతిపూల దండ తెచ్చాను. ఆ మంచి ఫ్రేములో వాడి అద్దమే బిగించి అదే మేకుకు తగిలించాను. వెనక అట్ట పెట్టలేదు, పెట్టడానికి లోపల ఏమీ లేదు. అద్దంలోంచి మా గోడ కనిపించింది, పెచ్చులూడి, ఆకుపచ్చగా, వాడు దసరాకు రంగు వేస్తానన్న గోడ. అవ్వ కొంగుతో అద్దం తుడిచి, నుదురు ఎక్కడుండేదో గుర్తు చేసుకుని, అక్కడ బొట్టు పెట్టింది.