డెస్మండ్‌కి రెండు పాస్‌పోర్టులు, నాకు ఒక్క నోరు

నవ్వుతానంటే నవ్వండి, నేనేం అనుకోను. కానీ ఒక మంచి బౌలర్ కెరీర్‌ని బ్యాటూ బంతీ ముట్టుకోకుండా, కారు డ్రైవింగ్ సీట్లో కూర్చుని ముగించేసిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇదిగో, మీ ఎదురుగా టీ తాగుతున్నాడు చూడండి!

ఎనభైల మొదట్లో మాట. నేను అప్పుడు అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో కార్ల పార్టులు చేసే కంపెనీలో ఇంజనీర్‌ని. ఆదివారం వచ్చిందంటే క్రికెట్. మా టీమ్‌లో అందరం నాలాంటి బాపతే, రెండు పరుగులు తీస్తే మోకాళ్ళు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక్క డెస్మండ్ తప్ప.

డెస్మండ్ మా ప్లాంట్‌లోనే పార్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. పుట్టింది డెట్రాయిట్‌లో. రెండేళ్ళ పిల్లాడప్పుడే వాళ్ళమ్మ బార్బడోస్ తీసుకెళ్ళిపోయింది. అందుకని అమెరికా పాస్‌పోర్టూ ఉంది, బార్బడోస్ పాస్‌పోర్టూ ఉంది. పెద్దయ్యాక ఇంగ్లండ్‌లో చిన్న ఊళ్ళ క్లబ్బులకి జీతం మీద తొమ్మిది సీజన్లు ఆడాడు. అసలు సిసలు ప్రొఫెషనల్! అతను బంతి వేస్తుంటే నేను స్లిప్‌లో నిలబడి, క్యాచ్ నావైపు రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఒకసారి లంచ్‌లో అడిగాను, “ఇంత బాగా వేస్తావు కదా, మీ ఐలాండ్ టీమ్‌కి ఎందుకు ఆడలేదు?” అని.

“ఐలాండ్‌లో ‘నువ్వు ఇంగ్లండ్ వెళ్ళిపోయినవాడివి’ అన్నారు. ఇంగ్లండ్‌లో ‘నువ్వు ఐలాండ్ వాడివి’ అన్నారు. ఇక మిగిలింది ఈ అమెరికా ఒక్కటే, మూర్తీ. ముప్పై ఆరు నిండాయి. ఏదో ఒక దేశం స్వెటర్ వేసుకుని ఒక్క మ్యాచ్ ఆడాలి.”

ఆ ఛాన్స్ రానే వచ్చింది. అమెరికా టీమ్‌కి ఆటగాళ్ళని ఎంపిక చేసే పెద్దమనిషి ఒకాయన మా మ్యాచ్ చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. మ్యాచ్ నది అవతల, కెనడా వైపు విండ్సర్‌లో. ఒక్క బ్రిడ్జి దాటితే చాలు. డెస్మండ్ కారేమో రిపేర్‌లో ఉంది.

“నేను లేనూ? నిన్ను తీసుకెళ్ళే పూచీ నాది!” అన్నాను.

పదకొండింటికి మ్యాచ్. పదికల్లా బ్రిడ్జి దాటేశాం. కెనడా ఆఫీసర్ కిటికీలోకి వంగి ఏ దేశం వాళ్ళని అడిగాడు. నేను ఇండియా అని చెప్పి గ్రీన్ కార్డ్ చూపించాను. డెస్మండ్ “యూఎస్” అన్నాడు. ఎందుకొచ్చారంటే “క్రికెట్ ఆడ్డానికి” అన్నాడు. ఆఫీసర్ నవ్వి, వెళ్ళమని చెయ్యి ఊపబోయాడు. అంతే, అయిపోయింది! నేను బ్రేక్ మీంచి కాలు తీస్తే చాలు.

నాకు సంతోషం ఆగలేదండీ.

“మామూలు ప్లేయర్ కాదు సార్! ప్రొఫెషనల్! ఇంగ్లండ్‌లో జీతమిచ్చి మరీ ఆడించుకున్నారు!”

ఊపబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “ప్రొఫెషనలా? అయితే ఇక్కడ పని చెయ్యడానికొచ్చాడా? వర్క్ పర్మిట్ ఏది?”

“లేదు సార్, ఇది ఉత్త ఫ్రెండ్లీ మ్యాచ్,” అన్నాడు డెస్మండ్ మెల్లగా.

అక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా! మావాడు ఎంత నమ్మకస్తుడో నిరూపిద్దామనిపించింది. “కావాలంటే ఇంకో దేశం పాస్‌పోర్ట్ కూడా ఉంది సార్, చూడండి!”

డెస్మండ్ కళ్ళు మూసుకున్నాడు.

“కారు పక్కకి తీసి ఆపండి,” అన్నాడు ఆఫీసర్.

ఇక చూడండి! లోపల గదిలో కిట్ బ్యాగ్ అంతా బల్ల మీద పరిచారు. సరళ, అంటే మా ఆవిడ, కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిచి ముగ్గురు ఆఫీసర్లు వాసన చూశారు. రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టారు. ఒక ఫోటోలో గడ్డం ఉంది, ఒక దాంట్లో లేదు.

“ఈ ఇద్దరిలో నువ్వెవరు?”

“ఇద్దరూ నేనే సార్.”

గోడ మీద గడియారంలో పదిన్నర అయింది. “ఇప్పుడు టాస్,” అన్నాడు డెస్మండ్, నావైపు చూడకుండా. పదకొండు కొట్టాక, “ఇప్పుడు కొత్త బంతి ఎవరో వేస్తుంటారు,” అన్నాడు. తిట్టినా బాగుండేది!

ఒంటిగంటకి సూపర్‌వైజర్ వచ్చాడు. కాగితాలు రెండు నిమిషాలు చూసి, “ఆదివారం సరదాగా ఆడుకునే ఆటకి పర్మిట్ ఏంటి? పంపించండి,” అనేశాడు. రెండు నిమిషాలు! అదే పదింటికి వచ్చుంటే!

గ్రౌండ్ చేరేసరికి మావాళ్ళు తొమ్మిది మందితోనే బౌలింగ్ పూర్తి చేసేశారు. ఆ పెద్దమనిషి విమానానికి టైమైందని కారెక్కుతున్నాడు. పరిగెత్తాను. “సార్! సార్! ఒక్క ఓవర్! ఇక్కడే, ఈ పార్కింగ్ లాట్‌లోనే వేయిస్తాను!”

నా భుజం మీద చెయ్యి పడింది. “వదిలెయ్, మూర్తీ,” అన్నాడు డెస్మండ్.

ఆయన డెస్మండ్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. “నీ గురించి చాలా విన్నాను. కానీ కళ్ళతో చూడకుండా ఎలా రాయను?” అని నిజంగానే బాధపడి వెళ్ళిపోయాడు.

తిరిగొస్తుంటే బ్రిడ్జికి ఇటువైపు అమెరికా ఆఫీసర్. నేను గ్రీన్ కార్డ్ చేతికిచ్చి, పెదవులు బిగించి కూర్చున్నాను. ఏం అడిగినా తల ఊపడమే. ఆయనకి అనుమానం వచ్చింది. “ఇతనికి మాటలు రావా?”

“వస్తాయి సార్,” అన్నాడు డెస్మండ్. “పొద్దున వచ్చాయి.”

మూడు వారాలకి టీమ్ లిస్ట్ వచ్చింది. డెస్మండ్ పేరు లేదు. ఆ పైన మళ్ళీ అతన్ని చూడ్డానికి ఎవరూ రాలేదు. లిస్ట్ చూసిన రోజు క్యాంటీన్‌లో అతని ఎదురుగా కూర్చుని సారీ చెప్పబోయాను. అతనే అన్నాడు, “నా గురించి అంత గట్టిగా, అంత గర్వంగా ఎవరూ చెప్పలేదు మూర్తీ. చెప్పిన చోటే కొంచెం తేడా అయింది.” దాంతో నాకింకా ఏడుపొచ్చింది.

ఇంకో రెండేళ్ళు మాతోనే ఆడాడు. ఆ తర్వాత బార్బడోస్‌లో స్కూల్ పిల్లలకి కోచ్‌గా పని దొరికిందని బయల్దేరాడు. వెళ్ళే ముందు ఇంటికి భోజనానికి పిలిచాం. చేతులు కడుక్కుని వస్తూంటే, “ఎయిర్‌పోర్ట్‌కి నేను దింపుతాను,” అన్నాను.

సరళ నావైపు చూసింది. డెస్మండ్ ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకున్నాడు.

“థాంక్స్ మూర్తీ,” అన్నాడు. “టాక్సీకి చెప్పేశాను.”