వన్‌టౌన్‌లో ఇరాన్ మాస్టారు

మా మాస్టారు పోయారని మొన్న శుక్రవారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. "టీ పట్టుకెళ్ళి పిలిచానమ్మా. మీ మాస్టారింక లెగలేదు" అన్నారు. శిష్యులమంతా ఆమెను అమ్మగారనే పిలుస్తాం. నేను పద్మనాభంలో బస్సెక్కి విశాఖ వన్‌టౌన్ చేరేసరికి వాళ్ళ సందంతా జనంతో నిండిపోయి ఉంది.

ఆయన ఇరాన్‌వారు. ఇస్ఫహాన్‌లో తాతగారి దగ్గర రెల్లు కలంతో అక్షరాలు దిద్దుతూ పెరిగారు. ఇంజనీరింగ్ చదవమని తండ్రి విశాఖ పంపిస్తే, ఏడాది తిరక్కుండానే బొమ్మల కోర్సులోకి మారిపోయారు. ఈలోగా వాళ్ళ దేశంలో యుద్ధం వచ్చింది. ఇంటి నుంచి కబుర్లు ఆగిపోయాయి. పొట్టపోసుకోవడానికి వన్‌టౌన్ దుకాణాలకు బోర్డులు రాశారు, ఉర్దూలోనూ, అప్పుడే నేర్చుకున్న తెలుగులోనూ. అలా బోర్డు రాసిన ఒక అత్తరు కొట్టు యజమాని కూతురే మా అమ్మగారు. యుద్ధం ముగిసింది గానీ, ఆయన ఇక్కడే ఉండిపోయారు.

ఆయన బొమ్మల్లో మనుషులుండరు, చెట్లుండవు. అన్నీ ఫారసీ అక్షరాలే. అవీ కుదురుగా ఉండవు. ఒక అక్షరం మనిషంత ఎత్తు లేస్తుంది, ఇంకొకటి దానిమీదికి ఒరుగుతుంది, చుక్కలు ఎటో ఎగిరిపోతాయి. పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చి డాబా మీద పడే ఇనప ఖనిజం దుమ్మే ఆయనకు ఎర్రరంగు. అమ్మగారు తిట్టుకుంటూ ఊడ్చిన దుమ్మును జల్లెడపట్టి, నూనెలో నూరి, సీసాలకెత్తేవారు. "రంగు ఇంటికే పంపుతన్నారు, ఇంకేటి కావాలి?" అనేవారాయన.

మొదటి ప్రదర్శనకు వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారట. తర్వాత అవే బొమ్మలు హైదరాబాదు, ఢిల్లీ చూశాయి. చివరికి టెహ్రాన్ కూడా వెళ్ళాయి.

నేను ఆదివారాలు బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్ళే రోజుల్లో, హాల్లో ఉన్న పెద్ద నీలం బొమ్మ చూపించి "ఇందులో ఏం రాశారు మాస్టారూ?" అనడిగాను.

"సదవకమ్మా. సూడు" అన్నారు. ఆయన తెలుగంతా చేపల బజారులో, సిటీ బస్సుల్లో నేర్చుకున్నది. ఫారసీ వచ్చిన పెద్దలు అడిగినా అదే జవాబు. వాళ్ళకూ ఆ బొమ్మ కొరుకుడు పడలేదు. ఏదో సూఫీ పద్యమై ఉంటుందని ఒకాయన పత్రికలో రాశారు కూడా.

కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం ఆయన పేపరు తెరిచి, చాలాసేపు చూసి, "ఈయేళ పేపరు ఏ బాసలో ఏసారు?" అన్నారట. అమ్మగారు నవ్వారు. ఆయన నవ్వలేదు. మెదడులో నెత్తురు చిన్న గడ్డ కట్టిందన్నారు డాక్టరు. చూపు బాగుంది, చెయ్యి బాగుంది, చదవడం ఒక్కటే పోయింది. తన పేరు తానే చక్కగా రాసి, కాసేపటికి అదే కాగితం నాకు చూపించి "ఇదేటమ్మా?" అనడిగారు.

ఆ తర్వాత చాలా నెలలు రంగుల జోలికి పోలేదు. "మిమ్మల్నందర్నీ సదవొద్దన్నాను. నాను మాత్రం సదువుకుంటానే గీసీవోణ్ణి. ఇప్పుడేటి గీయను?" అన్నారు. అమ్మగారు మాత్రం ఆయన్ని వదల్లేదు. డాక్టరు సలహా పట్టుకుని, పళ్ళెంలో గోధుమపిండి పరిచి, రోజూ ఆయన వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేవారు. కన్ను పోల్చుకోలేని అక్షరాన్ని మెల్లగా వేలు పోల్చుకుంది.

ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఆయన ఉన్నట్టుండి లేచి ఆ నీలం బొమ్మ దగ్గరికి వెళ్ళారు. గట్టిపడిన రంగు అంచు వెంట వేలు నడుపుతూ, వంగుతూ, మునివేళ్ళ మీద లేస్తూ, ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కున్నారు. వంటింట్లోంచి వస్తున్న అమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయారు. అది పద్యం కాదు, అసలు ఫారసీయే కాదు. ఫారసీ అక్షరాల్లో రాసిన తెలుగు.

"అన్నం సల్లారిపోతంది, రండి."

రోజూ ఆమె ఆయన్ని పిలిచే పిలుపు.

"నా కేకని ఢిల్లీ దాకా పట్టుకెళ్ళి గోడకి తగిలించారేటండీ!" అన్నారామె, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని.

"పెళ్ళయిన కొత్తలో గీసాను. నీకు సెప్పడానికి సిగ్గేసింది" అన్నారాయన.

మర్నాడు డాబా మీద దుమ్ము ఎత్తుకొచ్చింది అమ్మగారే. అప్పటి నుంచి మొన్నటిదాకా ఆయన బొమ్మలు వేస్తూనే ఉన్నారు. వేలితో తడిమి తెలుసుకుని వేసిన ఆ అక్షరాలు మునుపటి కంటే నెమ్మదిగా ఉంటాయి. నేనిప్పుడు బడిలో డ్రాయింగు చెబుతున్నాను. పిల్లలు గీసింది చేతికివ్వగానే ఏమిటని అడగను, కాసేపు చూస్తాను. అది ఆయన పెట్టిన అలవాటే.

ఆ శుక్రవారం సాయంత్రం మగవాళ్ళు ఆయన్ని భుజాలకెత్తుకుని బయల్దేరారు. నేను అమ్మగారి పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాను. సందులో ఎదురొచ్చిన చేపలామె గంప దించి, గోడకు ఒదిగి, చెంగు తలమీదికి లాక్కుంది. జనమంతా మలుపు తిరిగిపోయారు. ఆమె మాత్రం గంప ఎత్తుకోకుండా అటే చూస్తూ నిలబడిపోయింది.