మూడో టేబుల్‌కు రెండు మిర్చి

మా ఇంట్ల పదో తరగతి దాకా పోయిన మొదటి మనిషిని నేనే, అక్కడినుంచి ఉత్త చేతులతోని తిరిగొచ్చిన మొదటి మనిషిని సుత నేనే. అందుకే మొన్న మా మనవరాలు ఫోన్ చేతిల పెట్టి, ఈ మైకు బొమ్మను ఒత్తిపట్టి మాట్లాడు తాతా, ముచ్చట అయినంక వదిలిపెట్టు అంటే, వదిలిపెట్టుడు నాకు చిన్నప్పటి సంది వచ్చిన విద్యే గద అనుకున్న. మస్కట్‌ల ఉన్న వాళ్ళ బాపుకు ఇక్కడి వానల ముచ్చట చెప్పి వదిలిన. రెండు నిమిషాలల్ల జవాబు వచ్చింది. నాకు ఒక్కసారి మెట్‌పల్లి బస్టాండు యాదికొచ్చి, చెవులల్ల బస్సు హారన్ మోగినట్టయింది.

నా ఈడు వాళ్ళకు చెప్పే పని లేదు, ఆ రోజుల్ల మా దిక్కు సగం సంసారాలు కేసెట్ల మీదనే నడిచినయి. మా బాపు దుబాయిల ఇండ్లు కట్టే పనిల ఉండేటోడు. ఉత్తరం రాద్దామంటే అవ్వకు రాదు, వచ్చిన ఉత్తరం బాపు కూడబలుక్కొని చదువుకునే వరకు ఆయన సెలవు దినం ఒడిసిపోతది. అందుకని సెలవు మీద ఊరికొచ్చినోళ్ళు ఎవరన్న తిరిగిపోతున్నరంటే, ఇల్లంత టేప్ రికార్డర్ ముందర కూసోని మాట్లాడి, ఆ కేసెట్‌ను గుడ్డల చుట్టి, మామిడికాయ తొక్కు సీసా పక్కన పెట్టి పంపేది. అవ్వ మాట్లాడే ముందు కొంగు నిండుగ కప్పుకునేది, బాపు ఎదురుంగ నిలబడ్డట్టే. ఇంటున్నవా అని అడిగి, జవాబు కోసం జరంత సేపు ఆగేది సుత.

బాపు పోయేటప్పుడు నన్ను అడిగింది ఒక్కటే. ఇటుకలు మోసుడు నాతోనే ఆగాలె బిడ్డా, నువ్వు ఫ్యాన్ కింద కూసోని రాసే పని చెయ్యాలె అన్నడు. నేను తల ఊపిన. ఆ ఎండకాలం రిజల్ట్ వచ్చింది. లెక్కలు పోయినయి, ఇంగ్లీషు పోయింది, ఒక్కదాన్నే నేనెందుకుండాలె అని సైన్సు సుత వాటెంబడి పోయింది. మళ్ళ పరీక్ష రాయుమన్నరు గని, ఇగ బడి మొఖం చూడనని నేను మొండికేసిన. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలే. మూడో రోజు కండ్లు తుడుసుకోని, ఈ సంగతి బాపుకు చెప్పద్దని ఒట్టు పెట్టించుకున్నది. పైన కర్రల మీద నిలబడి పని చేసే మనిషి, ఇది ఇని పరేషాన్‌ల కాలు జారితే ఎట్ల, ఇంటికొచ్చినంక మెల్లగ నేనే చెప్త అన్నది. నవ్వులాటకు పుట్టిన నాకు గూడ ఆ మాటకు నవ్వు రాలే.

మా మేనమామ మెట్‌పల్లి బస్టాండు ముందట ఒక హోటల్ల బజ్జీల మాస్టర్. ఊర్లె తిరిగి చెడిపోవద్దని అవ్వ నన్ను ఆయన దగ్గర పెట్టింది. టేబుళ్ళ దగ్గర అడిగి, లోపలి కడాయి దాకా ఇనవడేటట్టు అరిచి చెప్పుడు నా పని. బస్సు దిగిన జనం, హారన్లు, నూనె చప్పుడు, వీటన్నిటి మీదికెల్లి గొంతు పోవాలె. మొదటి వారం నా గొంతు పిల్లి గొంతు లెక్క ఉండేది. నెల తిరిగే వరకు నేను అరిస్తే కోరుట్ల బస్సు డ్రైవర్ బ్రేకు మీద కాలేస్తుండని మామ ఎక్కిరించేటోడు. నిజం చెప్పాలంటే, బడిల పదేండ్లల్ల దొరకని మర్యాద నాకు ఆ హోటల్ల నెల రోజులకే దొరికింది.

ఒకనాడు పగటిపూట అవ్వ, చెల్లె టేప్ రికార్డర్ సంచిల పెట్టుకోని హోటల్‌కు వచ్చిండ్రు. బాపు దోస్తు ఒకాయన ఇంకో గంటకు ఉన్న బస్సుకే దుబాయికి బయలెల్లుతుండు. గిరాకి లేని టైము చూసి, ఉల్లిగడ్డల సంచులుండే వెనకర్రల కూసున్నం. అవ్వ మాట్లాడింది, చెల్లె మాట్లాడింది. నా వంతు వచ్చింది. బాపూ, నేను మంచిగ చదువుకుంటున్న, నా గురించి ఫికర్ చెయ్యకు అని మొదలు పెట్టిన. సరిగ్గ అప్పుడే నిజామాబాద్ బస్సు వచ్చి ఆగింది, జనం లోపలికి దుంకిండ్రు. తలుపు దగ్గరి టేబుల్ ముందట కూసున్న ఒకాయన రెండు వేళ్ళు చూపిచ్చి మిర్చి అన్నడు. అంతే, నా నోరు నన్ను అడగలే.

"మూడో టేబుల్‌కు రెండు మిర్చీ... వేడిగా!"

అని అరుసుకుంట ఉరికిన. గిరాకి తగ్గినంక వెనకర్రకు పోతే అవ్వ సంచి సదురుకుంటున్నది. ఆ దోస్తే వచ్చి, మిషన్లకెల్లి కేసెట్ తీసుకోని అప్పుడే బస్సెక్కిండట. నేను అరిచే ముందట బటన్ ఒత్తి ఆపినవా అని అడిగిన.

"నేనెందుకు ఒత్తుత? షాకు కొడితె? నువ్వు ఒత్తలేదా సచ్చినోడా?"

ఇగ చూడుండ్రి మా పరేషాన్. అవ్వ ధర్మపురి నర్సింహసామికి మొక్కుకున్నది, ఆ రీలు దుబాయిల మిషన్ల చుట్టుకోని తెగిపోవాలని. ఎవ్వరు కోరని కోరికకు సామి ఏం చేస్తడు. నేను పగలంత అరుస్తనే ఉన్న గని, దుబాయి అన్న మాట ఇనవడితే ఆర్డర్ మర్చిపోయేటోన్ని. కర్రల మీద నిలబడ్డ బాపే కండ్ల ముందట కనవడేటోడు.

రెండు నెలలకు జవాబు కేసెట్ వచ్చింది. అవ్వ ఇరుగుపొరుగును ఎవ్వరిని పిలవకుండ తలుపు దగ్గరికేసింది. బాపు బర్రె ముచ్చట అడిగిండు, బావిల నీళ్ళ ముచ్చట అడిగిండు, చెల్లెకు గౌను పంపుతున్న అన్నడు. మీదికెల్లి కిందికొచ్చిన మనిషే మాట్లాడుతుండని మాకు పాణం జర నిమ్మళమైంది. తర్వాత రీలు ఉత్తగనే తిరిగింది. మేం ముగ్గురం మిషన్ దిక్కే చూస్తున్నం.

"కొడుకా, మూడో టేబుల్ ఆయనకు మిర్చి అందినయా రా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. బాపు గొంతుల కోపం లేదు, అలసట ఉన్నది. రూముల పన్నెండు మంది ఉంటరట, అంత జగిత్యాల, నిర్మల్ దిక్కోళ్ళే. మొన్న సెలవు నాడంత ఆ ఒక్క అరుపునే మళ్ళ మళ్ళ తిప్పి ఇన్నరట. కోరుట్లాయన ఒకడు, మన బస్టాండుల దిగినట్టే ఉన్నదని ఏడ్చిండట. చదువు సంగతి వచ్చినంక మాట్లాడుకుందాం, అవ్వను ఏడిపియ్యకు అని చెప్పి ఆగిపోయిండు.

ఆ హోటల్ ఇప్పుడు ఏసీది. ఆర్డర్ తీసుకునే పిలగాడు ఫోన్ మీద వేలు ఒత్తుతడు, లోపల చీటీ వస్తది, ఎవ్వరి గొంతు ఎవ్వరికి తెల్వదు. మస్కట్‌ల ఉన్న మా కొడుకు మొఖం దినాం ఫోన్ల కనవడుతది, అది మంచిదే, కాదనను. గని ఒకరి మాటను ఇంకొకరు రెండోసారి ఇనే అవసరం ఎవ్వరికీ పడుతలేదు.

మరుసటేడు బాపు సెలవు మీద వచ్చి, ఇంటికన్న ముందు హోటల్‌కే వచ్చి కూసున్నడు. చదువు ముచ్చట ఎత్తుతడేమోనని నేనే ముందు ఆట పట్టిచ్చిన, నేను చదువుతున్నన్న మాట గూడ మంచి గొంతుతోనే చెప్పిన గద బాపూ, దాన్ని ఒదిలిపెట్టి ఆ అరుపునే అన్నిసార్లు ఎందుకిన్నవ్ అని.

బాపు ఛాయ్ ఊదుకుంట నా దిక్కు చూడకుండనే అన్నడు.

"గా కేసెట్ల నువ్వు నిజం చెప్పింది గదొక్కటే గద రా."