నూకరాజు మేస్త్రి ఇంటి రిపోర్టు

పాత ఇంట్లో కొత్త రంగు వాసన వస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. మొన్న వానల మొదట్లో బీచ్ వైపు ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు చూడ్డానికి వెళ్ళాను. కొనాలనుకుంటున్నది పెళ్ళై రెండేళ్ళయిన జంట. తలుపు తియ్యగానే ఆ వాసన గుప్పున కొట్టింది. గోడలు గంధం రంగులో నిగనిగలాడుతున్నాయి. "ఎంత నీట్‌గా ఉంచారో చూడండి మేడమ్" అంది ఆ అమ్మాయి. నేను కిటికీ కింద గోరుతో గీకాను. రంగు పెచ్చు ఊడి, దాని వెనకనుంచి తెల్లటి పొడి రాలింది. చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. ఆ అబ్బాయి మొహం అసహ్యంగా పెట్టాడు. పెట్టనీ. పన్నెండేళ్ళ కిందట నేనూ ఒక పెద్దమనిషిని చూసి అలాగే మొహం పెట్టాను.

ఆయన పేరు నూకరాజు. నేను చదువైపోగానే ద్వారకా నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. ఇల్లు కొనేవాళ్ళు కొనేముందు మమ్మల్ని పిలుస్తారు, మేం వెళ్ళి ఇల్లు పరీక్షించి రిపోర్టు ఇస్తాం. ఇంజనీరుని నేను. గోడ చెక్కడానికి, నిచ్చెన ఎక్కడానికి నాతోపాటు ఒక ముసలి మేస్త్రిని పంపేవారు. జాలరి కుటుంబంలో పుట్టి, పడవ అన్నలకి వదిలేసి తాపీ పట్టిన మనిషి. సన్నగా, నల్లగా, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. నా చేతిలో కాంక్రీటు బలం కొలిచే మిషను ఉండేది. ఆయన చేతిలో చిన్న సుత్తి. నాకు అప్పట్లో ఎంత పొగరంటే, ఆయన్ని నా సామాను మోసే మనిషి అనుకున్నాను.

మొదటి రోజే ఆ పొగరు దిగింది. ఒక ఇంట్లో మిషను నొక్కి అంకెలు రాసుకుంటున్నాను. ఆయన వెనక నిలబడి అడిగాడు.

"ఏటమ్మా, మిషను ఏటంటన్నాది?"

"గట్టిగానే ఉందంటోంది."

"మరి ఇదేటంటన్నాదో ఇను" అని సుత్తితో శ్లాబు అడుగున టకటకా కొట్టుకుంటూ పోయాడు. ఖణేల్ ఖణేల్‌మంటున్న శబ్దం వంటగది మూల దగ్గరికి వచ్చేసరికి డొల్లగా మారింది. అక్కడ చిన్న ముక్క చెక్కితే లోపల ఊచ తుప్పు పట్టి, ఉబ్బి, వేలితో నలిపితే పొరలు పొరలుగా రాలింది. చెక్కిన ముక్కని నాలిక మీద పెట్టుకుని, "సముద్రపు ఇసక కలిపినారు" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. మా ఊరికి ఉక్కు ఊరని పేరే గాని, ఇక్కడ ఉప్పు ముందు ఉక్కు నిలవదని నాకు ఆయన చెప్పేదాకా తెలీదు. నాలుగేళ్ళ చదువులో ఒక్కరూ చెప్పలేదు.

ఆయన పద్ధతులు పుస్తకాల్లో ఉండవు. ఇల్లు ఎండాకాలంలో చూడకూడదనేవాడు. "అమ్మీవోడు ఎండల్లో రంగేసి పిలుత్తాడు. నువ్వు వానల్లో ఎల్లు. గోడే నిజం సెప్పీద్ది." తలుపు బందులు, కిటికీ ఊచలు, ఏసీ పెట్టె వెనక భాగం, సముద్రం వైపున్నవి ముందు చూడమనేవాడు. దస్తావేజులు చూడొద్దనేవాడు కాదు. తీరానికి ఎంత దూరంలో ఉంది, కట్టడానికి అనుమతి ఉందా అన్నవి నా చేత రెండుసార్లు చదివించేవాడు. కానీ ఆ తర్వాత పక్కింటి తలుపు కొట్టేవాడు. ఆవిడ ఎవరైనా సరే, అడిగేది ఒకటే.

"మీ బోరు నీల్లతో పప్పు ఉడుకుతాదేటమ్మా?"

ఒకావిడ నవ్వి, "ఏ పప్పు బాబూ, గంటసేపు పెట్టినా గింజ గింజలాగే ఉంటాది. తాగడానికీ వండడానికీ ట్యాంకరు నీల్లే" అంది. బయటికొచ్చాక నాకు విడమరిచి చెప్పాడు. పప్పు ఉడకనివ్వని ఆ ఉప్పు నీళ్ళతోనే ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీటు కలిపారు, ఆ నీళ్ళతోనే తడిపారు. ఉప్పు లోపలే ఉంది, పదేళ్ళకో పదిహేనేళ్ళకో బయటపడుతుంది. నేను ఆ రోజు రిపోర్టులో పప్పు సంగతి రాస్తే మా ఆఫీసాయన పెన్నుతో కొట్టేశాడు. నూకరాజు బాబాయ్‌కి చెబితే, "కొట్టీనీ. ఆయనింట్లో పప్పుడుకుతాది కాబోలు" అన్నాడు. బాబాయ్ అనడం అప్పటికే మొదలుపెట్టేశాను.

అన్నిటికంటే ముఖ్యమైంది పడవల గీత. ఒడ్డుకి దగ్గర్లో ఏ స్థలం చూడ్డానికి వెళ్ళినా ముందు అక్కడి జాలర్ల ఇళ్ళకి వెళ్ళేవాడు. వల బాగుచేసుకుంటున్న ముసలాళ్ళ పక్కన చతికిలబడి, చుట్ట అంటించుకుని, పెద్ద గాలివానకి పడవలు ఎక్కడిదాకా లాగారని అడిగేవాడు. వాళ్ళు ఒక కరెంటు స్తంభమో, ఒక గట్టో చూపించేవాళ్ళు. బాబాయ్ అక్కడ నిలబడి కాలి బొటనవేలితో ఇసకలో గీత గీసేవాడు. "కాగితంలో గీత ఆఫీసోడు గీసినాడు. ఇది పేనం మీదకొచ్చినప్పుడు గీసింది. దీనికి ఊరి పక్కనుంటే కొనొచ్చు. సముద్రం పక్కనుంటే దండమెట్టి వచ్చీడమే." ఆ గీత చూసి నేను ఎన్ని కొనుగోళ్ళు ఆపించానో. అందరూ తిట్టుకున్నవాళ్ళే, తిరిగొచ్చి మంచిమాట చెప్పినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

అయిదేళ్ళు అలా గడిచాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన ఆఫీసుకొచ్చి, ఎప్పుడూ లేంది, కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"తల్లీ, మా ఇల్లు ఓపాలి సూడాల. తెలీనోల్ల ఇల్లు సూసినట్టు సూడు."

"నువ్వుండగా నేను చూసేదేముంది బాబాయ్?"

"నాను సూసీసినాను. ఇంక అది నిలబడదు. మీ పిన్ని నా మాట ఇనదు. నువ్వు సదువుకున్నదానివి. కాగితం మీద రాసి దాని ముందు సదువు, నీ మాటయితే ఇంటాది. వానలొచ్చీలోపు దాన్ని అక్కణ్ణుంచి లేపాల."

మర్నాడు వెళ్ళాను. అంతకు ముందు ఎప్పుడూ ఆయన నన్ను ఇంటికి పిలవలేదు. ఎందుకో అక్కడికెళ్ళాక అర్థమైంది. ఆ ఇల్లు పడవల గీతకి సముద్రం పక్కన ఉంది. ఒక్క అడుగు కాదు, గీత దాటి నలభై అడుగులు సముద్రం వైపుకి. నేను నోరు తెరవకముందే ఆయనే నవ్వాడు. "ఊరందరికీ శకునం సెప్పిన బల్లి కుడితిలో పడినాదంట. నా బతుకదే."

కట్టినప్పుడు ముందు అంతా ఇసకేనట. ఆయన పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాడు, శ్రావణంలో సముద్రం ఒడ్డు కోసుకుపోతుంది, మాఘం వచ్చేసరికి ఆ ఇసకంతా తెచ్చి మళ్ళీ పోస్తుంది. ఆయన తండ్రీ, తాతా చూసిందీ అదే. "గంగమ్మ తీసికెల్తాది, తెచ్చిత్తాది. మా తాతల నాటినుంచీ అబద్దమాడిన తల్లి కాదు" అన్నాడు. ఊళ్ళోంచి వచ్చినవాడెవడూ ఆ నమ్మకంతో అక్కడ పునాది వెయ్యడు. సముద్రం ఒడిలో పెరిగినవాడే వేస్తాడు. వేశాడు. మూడేళ్ళనుంచి మాఘాలు వస్తున్నాయి గాని ఇసక రావడం లేదు.

నేను ఇంటి వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. సముద్రం వైపు గోడ కింద పునాది రాళ్ళు బయటపడి ఉన్నాయి. వాటి అడుగున చెయ్యి పెడితే మోచేతి దాకా దూరిపోయింది. చల్లటి ఖాళీ. గోడ మీద కిటికీ మూలనుంచి నేలదాకా పగులు. ఇంక చూడాల్సింది లేదు. అయినా ఆయన చెప్పినట్టే తెలియనివాళ్ళ ఇల్లులా అన్నీ చూశాను, అన్నీ రాసుకున్నాను. ఆయన నా వెనకే తిరుగుతూ టేపు రెండో కొస పట్టుకున్నాడు.

లోపల పైడమ్మ పిన్ని నాకోసం చేపల పులుసు వండుతోంది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి నడిచిన మనిషి. "ఈ గది ఏసినప్పుడు ఇసక నానే మోసినానమ్మా. ఈ గడప నానే దగ్గరుండి ఎత్తించినాను" అని ఒక్కొక్కటీ చెయ్యేసి చూపించింది. "మీ బాబాయ్‌కి వయసు మీదపడి బయ్యం పట్టుకున్నాది. నువ్వు సెప్పు, ఇల్లు బాగుందని సెప్పు." నేను పులుసు కలుపుకుని తింటూ తలూపాను.

రిపోర్టు మాత్రం సరిగ్గానే రాశాను. ఆయన చదువుకోగలిగేలా తెలుగులో, పెద్ద అక్షరాల్లో. మొదటి వాక్యం: ఈ ఇల్లు ఉండటానికి పనికిరాదు, వానలకు ముందే ఖాళీ చెయ్యాలి. ఆదివారం ఉదయం పట్టుకెళ్ళాను. పిన్ని ఉతికిన చీర కట్టుకుని, జడ వేసుకుని, పరీక్ష ఫలితం వినడానికి వచ్చినదానిలా నా ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆవిడకి చదువు రాదు. బాబాయ్ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నేను కాగితం విప్పాను. మొదటి వాక్యం నా కళ్ళముందు ఉంది. తలెత్తితే ఆవిడ మొహం ఉంది.

"గోడకి పగుళ్ళున్నాయి పిన్నీ" అన్నాను కాగితం మీదే చూపు పెట్టి. "పునాదికి రాళ్ళు పేర్పించి, రిపేరు చేయించుకుంటే సరిపోతుంది."

సిగ్గు లేకుండా, కాగితంలో ఉన్నట్టే, చదువుతున్నట్టే చెప్పాను. పిన్ని మొహం విచ్చుకుంది. "సూసినావా? ఉత్తినే బయ్యపెట్టీసినావు నన్ను" అంది మొగుడితో. ఆయన నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. లేచి బయటికి వెళ్ళిపోయాడు. పిన్ని పొట్లం కట్టి ఎండు నెత్తళ్ళ చేపలు ఇచ్చింది. అవి కూడా తెచ్చుకున్నాను.

మర్నాడు ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను వాళ్ళింట్లో వదిలొచ్చిన కాగితం వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడట.

"కాగితంలో ఒకటున్నాది తల్లీ. నీ నోట్లో ఇంకోటొచ్చినాది."

"ఆవిడ మొహం చూసి చెప్పలేకపోయాను బాబాయ్. వచ్చే ఆదివారం వచ్చి మెల్లగా చెప్తాను."

"మెల్లగా సెప్పడానికి ఇదేటి పెల్లి సమ్మంధమా?" అని నవ్వడానికి చూశాడు. నవ్వు రాలేదు. "రా మరి. నాను సెప్తే ఇంజనీరమ్మే రిపేరు సాలన్నాది, నువ్వెవడివంటన్నాది. నువ్వే రావాల."

ఆ ఆదివారం మా ఇంట్లో చుట్టాలు. మరుసటి ఆదివారం తలనొప్పి. అవి నేను ఆయనకి చెప్పిన కారణాలు. అసలు కారణం పిరికితనం. మంచిదాన్ని అనిపించుకోవాలనే పిరికితనం కన్నా పాడుది ఇంకోటి లేదు, చూసేవాళ్ళకది దయలా కనిపిస్తుంది.

మూడో వారం అల్పపీడనం పట్టింది. ఆ రోజు పొద్దున్న బాబాయ్ నాతోనే పెందుర్తిలో ఒక ఇల్లు చూస్తున్నాడు. పదకొండింటికి ఆయన ఫోను మోగింది. పక్కింటివాళ్ళు. పోటు మీద కెరటాలు వచ్చి పునాది కింద మిగిలిన ఇసక కూడా లాగేశాయి, సముద్రం వైపు గోడ లోపలికి పడింది. అందరూ పడవలు పైకి లాగుతూ పిన్నిని బయటికి రమ్మని అరిచారట. ఆవిడ, "ఇంజనీరమ్మ పరవాలేదన్నాది, మీరెల్లండి" అని గంపలు మంచం మీదకి ఎత్తుకుంటూ ఉండిపోయిందట. మేం వెళ్ళేసరికే పిన్ని పోయింది, ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆమెని దేవుడి పల్లకీ దించినట్టు జాగ్రత్తగా, ఎవరిదో వల మీద పడుకోబెట్టారు. బాబాయ్ ఆమె జుట్టులో ఇరుక్కున్న సున్నం పెచ్చులు ఒక్కొక్కటీ ఏరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అక్కడ ఎవరూ అనలేదు, ఆ ఇంజనీరమ్మని నేనేనని ఎవరికీ తెలీదు గనక.

నెలన్నర దాకా ఆయన మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. పెందుర్తిలో మేనల్లుడింట్లో ఉంటున్నాడని తెలిసి చివరికి వెళ్ళాను. సముద్రం గాలి కూడా తగలని వీధి. నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఏడవడం మొదలుపెడితే చేత్తో ఆపమన్నాడు. తలగడ కిందనుంచి ఆ కాగితం తీసి నా చేతికిచ్చాడు.

"సదువు."

"ఇప్పుడెందుకు బాబాయ్?"

"నీ నోట ఇనాల. ఏటి రాసినావో అదే సదువు. మార్సకు."

చదివాను. ఈ ఇల్లు ఉండటానికి పనికిరాదు, వానలకు ముందే ఖాళీ చెయ్యాలి. అక్షరాల కింద వేలు పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి చదివాను. పునాది లోతు, పగులు పొడవు, గోడ వాలు, అన్నీ. ఆయన శ్లాబు శబ్దం వినేటప్పటిలా తల ఒక పక్కకి వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక కళ్ళు తెరిచాడు.

"బాగా రాసినావమ్మా" అన్నాడు. "ఒక్క తప్పు లేదు."

మరుసటి ఏడు ఆయన పోయాడు. నేను అదే పనిలో ఉన్నాను. ఇప్పుడు రిపోర్టు ఎవరికీ ఫోనులో పంపి ఊరుకోను. ఆ ఇంటికే వెళ్తాను. అందర్నీ పిలుస్తాను, చదువురాని వాళ్ళుంటే ముందు వరసలో కూర్చోమంటాను. రాసింది రాసినట్టు పైకి చదువుతాను. మధ్యలో ఎవరో ఒకరి మొహం వాడిపోతుంది. నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఆపకుండా చివరిదాకా చదువుతాను.