తామరతూడు బొక్కల్లో ఆకాశం

మా చిన్నప్పుడు... నాయన లారీ మా సారం ఊరి మలుపు తిరిగి రెండుసార్లు హారన్ కొడితే చాలు, అవ్వ పొయ్యి మీది కూరకుండ దించేసేది. ఇక ఆ సాయంత్రం పొయ్యి నాయనదే.

అప్పుడు పుదుచ్చేరిలో సారం వైపు ఇన్ని ఇళ్ళు లేవు. హారన్ చాలా దూరం నుంచే వినబడేది.

నాయన కాశ్మీరు దాకా లారీ తోలేవాడు. ఆపిల్ పెట్టెలు వేసుకుని వచ్చేవాడు. ఒకసారి మంచుకు దారి మూసుకుపోతే, ఓ తోట యజమాని ఇంట్లో నాలుగు రోజులు ఉండిపోయాడట. ఆ ఇంటి పెద్దావిడ తామరతూడును బియ్యప్పిండిలో ముంచి, కరకరలాడేలా వేయించి పెట్టిందట. ఆమె దగ్గరే కూర్చుని నేర్చుకున్నాడు. కారం పొడి కూడా అక్కడిదే... చూస్తే నిప్పులా ఉండేది, నాలుకను మాత్రం కాల్చేది కాదు.

"లారీ తోలే మొగోడికి పొయ్యికాడ ఏం పనిరా?" అనేది అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ.

"తిని తిట్టమ్మా. కడుపు నిండితే ఇంకా బాగా తిట్టొచ్చు."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

తూడు చెరువు నుంచి వచ్చేది. లోపలంతా బొక్కలు... వాటి నిండా బురద. కాశ్మీరులో నిలువుగా చీలుస్తారట. నాయన మాత్రం బొక్కలు కనబడేలా బిళ్ళలుగా కోసేవాడు. ఒక్కో బిళ్ళనీ నీళ్ళలో జాడించి, వెలుగుకి ఎత్తి చూడడం నా పని.

"అన్ని బొక్కల్లోనూ ఆకాశం కనబడాల. ఒక్కదాంట్లో కనబడకున్నా మళ్ళీ కడుగు."

నేను పెద్దగా మాట్లాడే పిల్లవాణ్ణి కాదు. నాయనకీ నాకూ మధ్య మాటలంటే ఇవే...

ఒక ఏడు వానలు వెలిసిన రోజుల్లో వచ్చాడు. మర్నాడే మళ్ళీ ప్రయాణం. నేను బిళ్ళల గిన్నె ముందు కూర్చున్నాను. వీధిలో గోలీలాట మొదలైంది. సగం చూశాను. మిగతా సగం ఊరికే నీళ్ళలో ముంచి తీసేశాను.

"చూస్తివా?"

"చూస్తి నాయనా."

"అన్నీనా?"

"అన్నీ."

బియ్యప్పిండిలో జీలకర్ర, ఉప్పు, ఆ కారం... నూనెలో బిళ్ళలు ఎర్రగా తేలాయి. అందరం కూర్చున్నాం. అవ్వ ఒకటి నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"ఏందిరా ఇది, పంటికింద కరుక్కుమంటాండాది?"

నా చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. నాయన నా వైపు చూడలేదు.

"పిండి బరకగా పడిందిలేమ్మా. నీ పళ్ళకి కుదరదు, ఇట్టా ఇయ్యి," అని అవ్వ పళ్ళెంలోవి తన పళ్ళెంలోకి తీసుకున్నాడు. అమ్మవి కూడా. ఒక్కొక్కటే నమిలాడు. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది... పిండి చప్పుడు కాదు, ఇసుక చప్పుడు. అన్నీ మింగి నీళ్ళు తాగాడు.

తెల్లారి లారీ ఎక్కబోతూ నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఈసారి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం లే."

అంతే. తిట్టలేదు. నేను చూడలేదు నాయనా అని చెప్పాలనిపించింది... వచ్చాక చెబుదాంలే అనుకున్నాను.

రాలేదు. కొండదారిలో లారీ లోయలో పడిందని కబురొచ్చింది.

ఆ కారం పొడి డబ్బాను అమ్మ చాలా ఏళ్ళు దాచింది. రంగు పోయినా పారేయలేదు. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ తూడు కొనలేదు.

ఇప్పుడు పుదుచ్చేరిలోనే, లాస్‌పేటలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న తను ఫోన్‌లో చూసి ఈ తూడు బిళ్ళలే వేయిస్తానంది. కడిగి, బిళ్ళలుగా కోసిన తూడు ప్యాకెట్లో వచ్చింది. అయినా కిటికీ దగ్గర కూర్చుని ఒక్కోటీ ఎత్తి చూశాను.

"కడిగిందే కదా నాయనా, ఇంకా యాడుంటాది బురద?" అని నవ్వి లోపలికి వెళ్ళింది. కాసేపటికి నూనె కాగినట్టుంది, వంటింట్లోంచి అడిగింది...

"చూస్తివా?"

గిన్నె దగ్గరికి లాక్కుని మొదటి నుంచి మళ్ళీ చూశాను.

ఇప్పుడు అన్నీ శుభ్రంగానే దొరుకుతున్నాయి... ఒకరి తప్పును ఇంకొకరు నమిలి మింగాల్సిన పని లేదు. మీ తప్పును మీ ముందే మింగేసి, మీ పేరు బయటపెట్టని వాళ్ళు మీ ఇంట్లో ఉండేవాళ్ళా? ఉంటే ఇక్కడ రాయండి... వాళ్ళు ఇంకా బతికుంటే మాత్రం, ముందు వాళ్ళకి చెప్పండి.