చెవి దగ్గర చేగోడీ

భీమడోలులో మా మహిళా సంఘానికి బియ్యప్పిండి చేగోడీలు నేర్పిన మేడంగారు ఏ వాయీ రుచి చూసేవారు కాదు. ఒక చేగోడీని చెవి దగ్గర విరిచి, ఆ చప్పుడు వినేవారు.

మొదటి ఆర్డరు రోజు తాడేపల్లిగూడెం బస్సు వచ్చేస్తోందని వేడి మీదే కవర్లకు సీలు వేసేశాం. ఆవిడ ఒక కవరు విప్పి, చేగోడీ విరిచారు.

"చెమ్మ పట్టేసిందండీ. బస్సు పోతే పోనివ్వండి."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం నింపాదిగా మా పక్కనే కూర్చుని కవర్లన్నీ విప్పారు.

చాలా ఏళ్లకు మొన్న మళ్లీ వచ్చారు. అలవాటుగా ఒకటి తన చెవి దగ్గర విరిచారు. ఇంకొకటి తీసి నా చెవి దగ్గర విరిచారు.

"నాకు వినికిడి తగ్గిందండీ. మీరు చెప్పండి."

చప్పుడు మెత్తగా వచ్చింది. సిగ్గనిపించినా, "ఇంకాస్త వేగాలండీ," అన్నాను.

ఆవిడ ఆ ముక్క నోట్లో వేసుకుని నమిలారు.

"అవునండీ," అన్నారు.