ఇల్లు చెప్పు బిడ్డా

హెడ్‌ఫోన్‌లో ముందు చిన్న గరగర, ఆ తర్వాత మాట. అంతరిక్షంలో నెలల తరబడి గడపబోయేవాళ్లను తర్ఫీదు కోసం మూసిన గదుల్లో ఉంచుతారు. వాళ్ల మనసు బాగోగులు చూడటం నా ఉద్యోగం. మొన్న ఆ గరగరలోంచి సుధీర్ అనే కుర్రవాడు, "ఇంట్లో అందరూ బాగున్నారా మేడమ్?" అని అడిగాడు. వాళ్లమ్మ ఆ ఉదయమే జారిపడి ఆసుపత్రిలో చేరింది. చెబితే చెదిరిపోతాడు, శిక్షణ ముగిసేదాకా దాచమని మా పై అధికారి అన్నారు. నాకేమో మా ఊరు గట్టులో పక్కింట్లో ఉండిన బీరప్ప తాత గుర్తొచ్చాడు.

తాత గొర్రెల కాపరి. దీపావళి వెళ్లగానే మందను తోలుకుని మేత కోసం నల్లమల వైపు పోతే, మళ్లీ తొలకరికే ఇల్లు చేరేవాడు. ఫోన్ మా ఇంట్లోనే ఉండేది కనుక వారానికోసారి ఏదో సంత నుంచి చేసేవాడు. ఎనిమిదో తరగతి చదివే నేనే ఎత్తేదాన్ని. "జర ఇల్లు చెప్పు బిడ్డా" అనేవాడు. బాగున్నారంటే సరిపోయేది కాదు. ఏ గొర్రె ఈనింది, ఎవరెవరు తగువాడుకున్నారు, ఆయన భార్య ఎల్లమ్మవ్వ ఏం కూర వండింది, అన్నీ చెప్పాలి. అడవిలో ఉన్న మనిషికి ఇక్కడి పుంటికూర గొడవ ఎందుకని విసుక్కునేదాన్ని.

ఒక ఏడు అవ్వ కామెర్లతో గద్వాల దవాఖానలో పది రోజులు పడి ఉంది. "ఆయనకు చెప్పకు బిడ్డా, మందనిడిసి ఉరికొస్తడు" అని నాతో ఒట్టేయించుకుంది. తాత ఫోన్ చేసినప్పుడు అవ్వ చేత వండని కూరలన్నీ మాటల్లోనే వండించాను. ఎంత తెలివిగా గట్టెక్కించానో అని నాకు నేనే మురిసిపోయాను.

తొలకరికి తాత వచ్చాడు. సగమైపోయిన అవ్వను చూశాక సంగతి దాగలేదు. మా అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"మంచిగున్నరని నువ్వంటే, ఆ వారమంత పాడుకుంట నడిచిన బిడ్డా. ఆమె దవాఖానల పడి ఉండె, నేను పాటలు పాడుకుంటుంటి. గా పాటలు ఇప్పుడేం జేసుకోవాలె?"

"అవ్వే చెప్పొద్దన్నది తాతా. నువ్వు పరేషాన్ అయితవని..."

"అయిత. నా పెండ్లాం కోసం నేను పరేషాన్ గాకుంటే ఇంకెవరైతరు?"

సిగ్గుతో ఏడ్చేశాను. ఆయనే తల నిమిరాడు. మరుసటి ఏడు బయల్దేరే ముందు మళ్లీ మా గడపలోకే వచ్చి, "ఫోను నువ్వే ఎత్తాలె" అన్నాడు. అబద్ధమాడిన పిల్లను అంతగా నమ్మిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అందుకే మొన్న పై అధికారి మాట కాదన్నాను. వాడికేమైనా అయితే పూచీ నీదే అన్నారు. సరేనన్నాను. సుధీర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. మీ అమ్మ జారిపడింది, తుంటి ఎముక విరిగింది, రేపు ఆపరేషన్, మెలకువగానే ఉంది, నిన్ను తలుచుకుంటోంది.

"శిక్షణ వదిలి రాను, నేను ఇక్కడే ఉంటాను మేడమ్," అన్నాడు. "మీరు మాత్రం కాసేపు లైన్ తెంచేయకండి."

తెంచలేదు. వాడి ఏడుపు సద్దుమణిగేదాకా అక్కడే కూర్చున్నాను. తాత నా చేతిలో పెట్టిపోయిన పని ఇదేననుకుంటాను.